యూరిన్ టెస్ట్ నార్మల్ సరే, గొంతు సంగతేంటి? ఓరల్ సెక్స్‌తో వచ్చే జబ్బుల్ని ఎలా తప్పించుకోవాలి

"టెస్ట్ చేయించాను, అంతా నార్మలే" అని హాయిగా ఊపిరి పీల్చుకున్న మనిషి గొంతులో గనేరియా అనే సుఖవ్యాధి క్రిమి తాపీగా కూర్చుని ఉండొచ్చు. ఆయన ఇచ్చింది యూరిన్. ఆ పరీక్ష మూత్రనాళం సంగతి చెబుతుంది గానీ గొంతులోకి తొంగి చూడదు. ఓరల్ సెక్స్ విషయంలో జనం రెండు చోట్ల దెబ్బ తింటారు. గర్భం రాదు కాబట్టి జబ్బు కూడా రాదనుకోవడం ఒకటి. అనుమానం వచ్చి పరీక్షకు వెళ్లినా, అసలు చోటు వదిలేసి ఇంకెక్కడో వెతికించుకుని రావడం రెండోది. నా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చేతిలో రిపోర్టు ఉంటుంది కాబట్టి ఇక ఎవరూ మళ్లీ వెతకరు.

టెన్షన్ పెట్టడానికి రాయట్లేదు. మామూలు సంభోగంతో పోలిస్తే ఓరల్‌లో చాలా జబ్బులకు రిస్క్ తక్కువే. కాకపోతే ఆ "తక్కువ" అన్ని జబ్బులకీ ఒకటి కాదు. హెచ్‌ఐవీకి అది దాదాపు సున్నాకి దగ్గర, గనేరియాకీ హెర్పిస్‌కీ మాత్రం అలా తీసిపారేసేంత తక్కువేం కాదు.

మొదట: నోరు ఎవరిది, అంగం ఎవరిదన్నది తేల్చుకోండి

రిస్క్ లెక్క ఇక్కడే మొదలవుతుంది. నోటితో చేసేవాళ్లకు జబ్బు నోట్లోకీ గొంతులోకీ వస్తుంది. చేయించుకునేవాళ్లకు అవతలివాళ్ల పెదవి, నోరు, గొంతు నుంచి జననాంగానికి వస్తుంది. రెండు వైపులా దారి ఉంది, కానీ ఒక్కో జబ్బు ఒక్కో దారి ఇష్టపడుతుంది.

గనేరియా, అదే పాతకాలం వాళ్లు సెగరోగం అనేది, గొంతులోకి బాగానే చేరుతుంది. పురుషాంగంలో వస్తే మంట, చీము కనిపిస్తాయి కాబట్టి మనిషి పరిగెత్తుకుని డాక్టర్ దగ్గరకు వెళ్తాడు. గొంతులో వస్తే చాలామందికి అసలేమీ తెలియదు, మహా అయితే కాస్త గరగర, అది కూడా జలుబు ఖాతాలో పడిపోతుంది. అక్కడి నుంచి తర్వాతి మనిషి జననాంగానికి అంటుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మన గొంతులో మామూలుగానే ఈ క్రిమికి దగ్గర చుట్టాలైన, హాని చేయని బ్యాక్టీరియాలు ఉంటాయి. ఎప్పుడో వేరే జబ్బుకి మనం మింగిన యాంటీబయాటిక్‌లకు అవి అలవాటు పడిపోయి, మందుని తట్టుకునే జన్యువుల్ని పక్కనున్న గనేరియా క్రిమికి అందిస్తాయి. అందుకే గొంతులో గనేరియా మిగతా చోట్ల కంటే మొండిది. అందుకే మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగేసి "తగ్గింది" అనుకోకూడదు.

క్లమీడియా అనే ఇంకో బ్యాక్టీరియా జబ్బు కూడా గొంతులోకి రాగలదు, గనేరియా కంటే తక్కువగా. పెద్దగా చప్పుడు చేయదు.

సిఫిలిస్ వేరే రకం దొంగ. అది తగిలిన చోట, అంటే పెదవి మీదో నాలుక మీదో అంగం మీదో, గట్టిగా ఉండే ఒక పుండు లేస్తుంది. నొప్పి ఉండదు. తగిలిన 10 నుంచి 90 రోజుల్లోపు ఎప్పుడైనా రావచ్చు, ఎక్కువమందికి 3 వారాల దగ్గర. మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది, అక్కడే మనిషి మోసపోతాడు. జబ్బు పోలేదు, రక్తంలోకి వెళ్లింది అంతే. తర్వాత అరచేతులు, అరికాళ్ల మీద దురద లేని మచ్చలు రావచ్చు, ఆ తర్వాత ఏళ్ల తరబడి మౌనం, చికిత్స లేకపోతే చివరికి గుండె, మెదడు, కళ్ల దాకా పోవచ్చు. ఓరల్‌తో ఇది రాదనుకునేవాళ్లకు ఒక్క లెక్క చెబుతాను. 1998 నుంచి 2002 వరకు షికాగోలో తొలి దశల్లో ఉన్న సిఫిలిస్ రోగుల్ని ఆరా తీస్తే, 100 మందిలో దాదాపు 14 మంది జబ్బు తగిలి ఉండగల కాలంలో తాము చేసింది ఓరల్ ఒక్కటే అన్నారు.

హెర్పిస్ దగ్గర కాస్త ఆగాలి. పెదవి అంచున ద్రాక్షగుత్తిలా చిన్న చిన్న నీటి పొక్కులు లేస్తాయే, "వేడి చేసింది" అని వదిలేస్తాం, అవి చాలాసార్లు హెచ్ఎస్‌వీ-1 అనే హెర్పిస్ వైరస్ పనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో నూటికి 64 మందిలో ఈ వైరస్ ఉంది. చాలామందికి చిన్నప్పుడే వచ్చి ఉంటుంది, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ పొక్కు ఉన్న పెదవితో ఓరల్ చేస్తే అదే వైరస్ అవతలివాళ్ల జననాంగానికి అంటుకుంటుంది, ఒకసారి వచ్చాక ఒంట్లోంచి పోదు. పొక్కులు లేనప్పుడు కూడా అప్పుడప్పుడు అంటుకోవచ్చు, అయితే పొక్కులున్నప్పటి రిస్క్ చాలా ఎక్కువ. భార్యో భాగస్వామో గర్భిణి అయితే, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఈ విషయంలో రాజీ వద్దు. ఆ సమయంలో ఆమెకు తొలిసారి జననాంగ హెర్పిస్ వస్తే కాన్పులో బిడ్డకు అంటుకునే ప్రమాదం ఎక్కువ, పుట్టిన పసికందుకి అది ప్రాణం మీదకు తెస్తుంది. పెదవి మీద పొక్కులొచ్చే అలవాటున్న మగవాళ్లు ఆ మూడు నెలలు ఆమెకు ఓరల్ మానేయడమే మంచిది.

హెచ్‌పీవీ అంటే పులిపిర్ల వైరస్. ఇందులో చాలా రకాలున్నాయి. 6, 11 నంబర్ల రకాలు పులిపిర్లు తెస్తాయి. 16వ రకం టాన్సిల్స్ దగ్గరా నాలుక మొదట్లోనా క్యాన్సర్ తేగలదు. కంగారు పడకండి, నోట్లోకి వచ్చిన హెచ్‌పీవీ ఎక్కువమందిలో ఒకట్రెండేళ్లలో దానంతటదే పోతుంది, కొద్దిమందిలో మాత్రమే ఉండిపోయి దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. ఈ క్యాన్సర్ ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువ. మెడలో నొప్పి లేని గడ్డ, మింగేటప్పుడు ఇబ్బంది, 3 వారాలు దాటినా తగ్గని గొంతు నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక అందరూ ముందుగా అడిగేది హెచ్‌ఐవీ. లాలాజలంతో అది అంటదు. ఓరల్ చేయించుకునేవాళ్లకు రిస్క్ లేనట్టే. చేసేవాళ్లకు కూడా చాలా చాలా తక్కువ, నోట్లో పుండ్లు, నెత్తురు కారే చిగుళ్లు ఉండి, నోట్లో వీర్యం పడితే కాస్త పెరుగుతుంది. అవతలి మనిషి హెచ్‌ఐవీ మందులు రోజూ వాడుతూ వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోయి ఉంటే, సెక్స్ ద్వారా వాళ్ల నుంచి అంటదు. రాత్రంతా హెచ్‌ఐవీ గురించి నిద్ర మానుకుని, సిఫిలిస్ పేరు కూడా తలుచుకోనివాళ్లే ఎక్కువ.

మలద్వారం దగ్గర నోరు పెట్టే అలవాటుంటే జాబితా మారిపోతుంది. హెపటైటిస్ ఎ, షిగెల్లా విరేచనాలు, జియార్డియా అనే పేగు పరాన్నజీవి, పేగు పురుగులు. కంటికి కనపడనంత మలం చాలు. కడుక్కోవడం మంచిదే, అది పూర్తి రక్షణ మాత్రం కాదు. ఇంకో సంగతి, అక్కడి నుంచి నేరుగా యోని దగ్గరకు నోరు తేకండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చిపెట్టినట్టు అవుతుంది.

ఆ రోజు నోరు అద్దంలో చూసుకోండి

అర నిమిషం పని. లైటు కింద నిలబడి పెదవుల అంచులు, కింది పెదవి లాగి లోపల, నాలుక పక్కలు, చిగుళ్లు చూసుకోండి. నోటిపూత ఉందా, పన్ను పీకించుకున్న గాయం ఇంకా మానలేదా, ఉదయం బ్రష్ చేసినప్పుడు నెత్తురు వచ్చిందా? వీటిలో ఏదైనా ఉంటే ఆ రోజుకి ఓరల్ వద్దు, లేదా అడ్డు లేకుండా వద్దు. పెదవి చురుక్కుమంటూ జిలజిల అంటుంటే పొక్కు ఇంకా పైకి రాకపోయినా అది హెర్పిస్ మొదలే కావచ్చు, అప్పటి నుంచి పెచ్చు పూర్తిగా ఊడి కింద మామూలు చర్మం వచ్చేదాకా ముద్దులు కూడా ఆపండి.

ఇక్కడ చాలామంది మంచి పని అనుకుని చేసే పొరపాటు ఒకటుంది. నోరు శుభ్రంగా ఉండాలని సరిగ్గా ముందు గట్టిగా బ్రష్ చేసి, పళ్ల మధ్య దారం పెట్టి తోముతారు. చిగుళ్లకు కంటికి కనపడని గాట్లు పడతాయి, జబ్బుకి తలుపులు తీసినట్టే. ముందూ తర్వాతా వెంటనే బ్రష్ వద్దు, నీళ్లతో పుక్కిలిస్తే చాలు. మౌత్‌వాష్ క్రిముల్ని చంపేస్తుంది కదా అంటారు. గొంతు గనేరియాని అది ఆపుతుందేమోనని ఆస్ట్రేలియాలో నెలల తరబడి రోజూ వాడించి మరీ చూశారు, లాభం కనపడలేదు. నోటి వాసనకి వాడుకోండి, రక్షణ అనుకోకండి.

అవతలివాళ్లనీ చూడండి. పుండు, పులిపిరి, చీము, వింత వాసన ఉంటే ఆగిపోండి. మొహమాటం పడి కళ్లు మూసుకునే సందర్భం కాదు. అలాగని ఏమీ కనపడకపోతే ఏమీ లేదని కాదు, ఈ జబ్బుల్లో ఎక్కువ శాతం పైకి కనపడనివే.

అడ్డు పెట్టుకోండి

పురుషాంగానికైతే కండోమ్. మొదటి నుంచే, మధ్యలో కాదు. లూబ్రికెంట్ పూసిన కండోమ్ రుచి నోటికి బాగోదు కాబట్టి లూబ్రికెంట్ లేనివో, ఫ్లేవర్ ఉన్నవో తీసుకోండి. వీర్యకణాల్ని చంపే మందు పూసిన రకం మాత్రం వద్దు, అందులోని రసాయనం నోట్లోని, యోనిలోని పొరని మండిస్తుంది. ఓరల్ అయ్యాక సంభోగానికి వెళ్తుంటే ఆ కండోమ్ తీసేసి కొత్తది, ఫ్లేవర్ లేనిది వేసుకోండి. కొన్ని ఫ్లేవర్ కండోమ్‌లలో చక్కెర ఉంటుంది, అది యోనిలో ఈస్ట్ ఇన్ఫెక్షన్‌కి ఆహ్వానం. లేటెక్స్ పడనివాళ్లకు పాలీయురెథేన్ రకం ఉంది.

యోనికీ మలద్వారానికీ అయితే డెంటల్ డ్యామ్ అనే పలచని లేటెక్స్ చదరం వాడాలి. నిజం చెప్పాలంటే అది చాలాచోట్ల దొరకదు, దొరికినా కొనేవాళ్లు తక్కువ. కాబట్టి కండోమ్‌తోనే తయారు చేసుకోండి. గడువు తేదీ చూసి కవర్ పక్క నుంచి చింపండి, పళ్లతో కాదు. కండోమ్‌ని పూర్తిగా విప్పండి. శుభ్రమైన కత్తెరతో మొన కత్తిరించండి, తర్వాత అడుగున దళసరి రింగు కత్తిరించండి. ఇప్పుడు చేతిలో ఒక గొట్టం మిగులుతుంది. దాన్ని నిలువుగా ఒక పక్క చీలిస్తే చదరంగా విచ్చుకుంటుంది. చీల్చేటప్పుడు మధ్యలో గాటు పడితే పారేసి ఇంకోటి తీసుకోండి. చర్మం వైపు కాస్త నీటి ఆధారిత లూబ్రికెంట్ రాస్తే జారకుండా అతుక్కుంటుంది. నూనె, వ్యాజలిన్ రాయకండి, లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది. రెండు చేతులతో అంచులు పట్టుకోవాలి, ఏ వైపు నోటికి పెట్టారో ఆ వైపే ఉంచాలి, మధ్యలో తిరగేస్తే పెట్టినా పెట్టకపోయినా ఒకటే. మలద్వారానికి వాడినది మళ్లీ యోనికి వద్దు.

మొదటిసారి చేస్తుంటే నవ్వొస్తుంది, నవ్వుకోండి, తప్పేం లేదు.

అడ్డు లేకుండా చేసేవాళ్లు ఎక్కువమందే ఉంటారని నాకు తెలుసు. అలాంటప్పుడు కనీసం నోట్లో వీర్యం పడకుండా చూసుకోవడం, గొంతు లోపలి దాకా మరీ లోతుగా పోయి గీరుకుపోకుండా చూసుకోవడం కొంత మేలు. వీర్యం పడితే మింగాలా ఉమ్మాలా అని అడుగుతారు. ఏదో ఒకటి వెంటనే చేయండి, నోట్లో పెట్టుకుని ఉండకండి. అయితే గనేరియాకీ సిఫిలిస్‌కీ హెర్పిస్‌కీ వీర్యం పడాల్సిన పనే లేదు, తాకితే చాలు. "లోపల వదల్లేదు" అన్న ధైర్యం ఈ మూడింటి ముందు పనికిరాదు.

టీకాలు

హెచ్‌పీవీ టీకా సెక్స్ జీవితం మొదలవ్వకముందే, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే బాగా పనిచేస్తుంది. అబ్బాయిలకూ వేయించవచ్చు, గొంతు క్యాన్సర్ సంగతి చదివారు కదా. ఆ వయసు దాటినవాళ్లు కూడా డాక్టర్‌ని అడగండి. హెపటైటిస్ బి టీకా పడిందో లేదో చూసుకోండి. మలద్వారం దగ్గర ఓరల్ అలవాటున్నవాళ్లకు హెపటైటిస్ ఎ టీకా కూడా.

జరిగిపోయింది, ఇప్పుడేం చేయాలి?

మర్నాడు ఉదయమే ల్యాబ్‌కి పరిగెత్తితే ఏమీ తేలదు, క్రిమి పరీక్షకు దొరికేంత పెరగాలి. మర్నాడే కదలాల్సిన సందర్భాలు రెండే. అవతలి వ్యక్తికి హెచ్‌ఐవీ ఉంది, మందులు వాడట్లేదు, మీ నోట్లో నెత్తురు కారే గాయం ఉంది, వీర్యం పడింది, ఇవన్నీ కలిస్తే 72 గంటల్లోపు డాక్టర్‌ని కలిసి పెప్ మందుల (వైరస్ తగిలి ఉండొచ్చన్నాక అది ఒంట్లో పాతుకోకుండా ఆపేవి) గురించి అడగండి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. ఓరల్‌కి ఇది అవసరం పడేది బహు అరుదు. రెండోది, మీకు హెపటైటిస్ బి టీకా లేదు, అవతలివాళ్లకు ఆ జబ్బు ఉందని తెలిసింది. అప్పుడు వీలైతే 24 గంటల్లోపే టీకా మొదలుపెట్టాలి.

మిగతావాళ్లు క్యాలెండర్‌లో రాసుకోండి. రెండు వారాలకు గనేరియా, క్లమీడియా. ఆరు వారాలు దాటాక, అంటే 45 రోజులకు, ల్యాబ్‌లో చేసే నాలుగో తరం హెచ్‌ఐవీ పరీక్ష, దాంతోపాటే సిఫిలిస్ రక్త పరీక్ష. సిఫిలిస్ మాత్రం 90 రోజులకు ఇంకోసారి చేయిస్తేనే ఖాయం. వేలి నుంచి నెత్తురు తీసి చేసే హెచ్‌ఐవీ పరీక్షలకు కూడా 90 రోజుల లెక్కే పట్టుకోండి. మధ్యలో పుండో చీమో మచ్చలో కనిపిస్తే ఈ తేదీలన్నీ పక్కన పెట్టి అదే రోజు వెళ్లండి.

డాక్టర్ దగ్గర నోరు తెరవండి, రెండు రకాలుగా

"సుఖవ్యాధుల టెస్టులు రాయండి" అంటే యూరిన్, రక్తం రాసిస్తారు. ఇబ్బందిగా ఉన్నా ఈ మాట చెప్పండి: "డాక్టర్ గారూ, నేను అడ్డు లేకుండా ఓరల్ చేశాను, గొంతు స్వాబ్ తీసి గనేరియా, క్లమీడియా చూడండి." ఒక్క వాక్యం. ఎదురుగా చెప్పలేకపోతే ఫోన్‌లో టైప్ చేసి చూపించండి, డాక్టర్లకు ఇది కొత్త కాదు. స్వాబ్ తీయడం అంటే పొడుగాటి దూదిపుల్లతో రెండు టాన్సిల్స్ మీదా గొంతు వెనక గోడ మీదా రుద్దుతారు, ఒక్క క్షణం వాంతి వచ్చినట్టు అనిపిస్తుంది, అయిపోతుంది. నాలుక మీద తడిపి తెచ్చేస్తే అది స్వాబ్ కాదు. దాన్ని పీసీఆర్ లాంటి జన్యు పరీక్షకు పంపమని అడగండి, గొంతులో క్రిమిని పట్టడంలో కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) కంటే అదే మెరుగు. పరీక్షకు ముందు మిగిలిపోయిన యాంటీబయాటిక్ మింగి వెళ్లకండి, క్రిమి చావదు, దాక్కుంటుంది.

పుండు ఉంటే తాజాగా ఉన్నప్పుడే దాని నుంచే స్వాబ్ తీయించండి. లక్షణాలేమీ లేకుండా హెర్పిస్ రక్త పరీక్ష చేయించుకోవడం వల్ల తలనొప్పే మిగులుతుంది. అది చాలామందికి పాజిటివే వస్తుంది, వైరస్ పెదవిలో ఉందో కిందుందో చెప్పదు, ఎప్పుడు వచ్చిందో చెప్పదు. ఆ కాగితం పట్టుకుని భాగస్వామిని నిలదీయడం అన్యాయం.

పాజిటివ్ వస్తే

గనేరియాకి సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్, తొలి దశల సిఫిలిస్‌కి బెంజథిన్ పెనిసిలిన్ ఇంజెక్షన్, క్లమీడియాకి సాధారణంగా వారం రోజుల డాక్సీసైక్లిన్ మాత్రలు. మూడూ పూర్తిగా నయమవుతాయి. హెర్పిస్ పోదు గానీ మందులతో పొక్కులు త్వరగా మానుతాయి, తక్కువగా వస్తాయి. గనేరియా, క్లమీడియా మందు పూర్తయ్యాక ఏడు రోజులు, భాగస్వామికీ చికిత్స అయ్యేదాకా, సెక్స్ ఆపండి, ఓరల్ కూడా. ఒక్కరే మందు వాడితే అదే జబ్బు ఇద్దరి మధ్యా బంతిలా తిరుగుతుంది. సిఫిలిస్‌లో పుండ్లు పూర్తిగా మానేదాకా ఆగాలి, తర్వాత రక్త పరీక్షలు ఎప్పుడెప్పుడో డాక్టర్ చెబుతారు. గొంతు గనేరియాకి మందు వాడిన రెండు వారాలకు మళ్లీ స్వాబ్ ఇవ్వాలి, మంట తగ్గింది కదా అని ఇక్కడ లెక్క కుదరదు, మొదట్నుంచీ మంటే లేదు.

భాగస్వామికి చెప్పడం కష్టమే. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న పంచాయితీ మొదటి మెసేజ్‌లో పెట్టకండి, చాలాసార్లు అది తేలదు కూడా. ఇంత చాలు: "నాకు గొంతులో గనేరియా ఉందని తేలింది, మందు వాడుతున్నాను. నీకేమీ అనిపించకపోయినా ఈ వారంలో టెస్ట్ చేయించుకో. యూరిన్ ఒక్కటే కాదు, గొంతు కూడా చూడమని చెప్పు."